అంచులదాకా దీపాలు

కోటు మోచేతి దగ్గర ఎలుక కొట్టిన చిల్లు పెద్దదేం కాదు, బొటనవేలు దూరేంత. ఆమె కోటును తిరగేసి, లోపలి మడత విప్పి, అందులోంచి ఒక్కొక్క పోగే బయటికి లాగుతోంది. బజార్లో కొన్న దారం ఎంత మంచిదైనా ఈ పనికి ఒదగదు. అదే బట్ట పోగుతో కిందా మీదా అల్లుకుంటూ పోతేనే చిల్లు ఉన్న చోటు కంటికి దొరకదు. లాగిన పోగుల్ని తడివేలితో సాపు చేసి బల్ల మీద పేర్చింది. సూదిలోకి పోగు మొదటిసారికే ఎక్కింది.

ఎక్కించడంలో ఆమెకు ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఎదురుగా ఉన్నది అందరికంటే బాగానే కనిపిస్తుంది. కనిపించనివి పక్కలే. ఎడమ పక్కన పెట్టిన కత్తెర, కుడి పక్కన వచ్చి నిలబడ్డ మనిషి, బల్ల మూల, తలుపు రెక్క, ఇవన్నీ ఆమె తల తిప్పితేనే పుడతాయి. "గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందా?" అని పోయినేడు కళ్ల డాక్టరు అడిగాడు. ఆ గొట్టం సన్నబడుతూ పోతుందని, ఒకటి రెండేళ్లలో మూసుకుపోవచ్చని, వంశంలో వచ్చే జబ్బని, దీనికి మందు లేదని చెప్పి పంపేశాడు. అప్పట్నుంచీ ఆమె తుంటి మీద, బల్ల మూల తగిలిన నీలిమచ్చ ఒకటి మాయకముందే ఇంకోటి లేస్తోంది.

ఫోను బల్ల మీద గొణుక్కుంటూ జరిగి జరిగి అంచుకొచ్చింది.

"ఏంటమ్మా, పొద్దున్నించీ ఒకటే వణుకు. దానికేమైనా చలిజ్వరమా?" అన్నాడు ఓనరు, కౌంటరు అవతల్నుంచి. ఇస్త్రీ బట్టలకు చీటీలు గుచ్చుతున్నాడు. ఈ డ్రైక్లీనింగ్ షాపు ఆయనది. చిరుగులు అల్లే పని కోసం కిటికీ పక్కన వెలుతురు బాగా పడే చోటు ఆమెకిచ్చాడు.

"సినిమా మళ్లీ వాయిదా పడిందండీ."

"ఆ నీటికోటేనా? పోయినేడే వస్తుందన్నావుగా."

"అంతకుముందేడు కూడా అన్నారు."

"ఆలూ లేదు, చూలూ లేదు. మీరు మాత్రం ఉయ్యాల కట్టుకుని ఊపుతున్నారు," అని ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వి, సూది బట్టలోనే గుచ్చి ఉంచి, ఫోను చేతిలోకి తీసుకుంది.

వచ్చే ఏడాది చివర. సినిమా కంపెనీ ఒక్క వాక్యం రాసి ఊరుకుంది. గ్రాఫిక్సు ఇంకా పూర్తి కాలేదట.

ఆ సినిమాకు మూలం నీటికోట నవల. నాలుగు భాగాల ఆ నవలలో ఆమెకు కావలసింది ఒక్క చోటే. మూడో భాగం చివర, కోట శత్రువుల చేతికి చిక్కకూడదని రాణి తూములన్నీ ఎత్తించేస్తుంది. ఊరు మునిగిపోతుంది. కానీ ఆ రాజ్యంలో దీపాలు నీళ్లలో ఆరవు. పడవల మీద వచ్చిన శత్రు సైనికులు కిందికి చూస్తే వీధివీధీ, గడపగడపా వెలుగుతూ ఉంటుంది. ఆ పేజీలు చదివినప్పుడల్లా ఆమె కళ్లు మూసుకుని ఊహించుకునేది. ఎంత ఊహించినా ఒక సందు వెలిగితే ఇంకో సందు ఆరిపోయేది. అన్నీ ఒక్కసారి చూడాలి. వచ్చే ఏడాది చివరికి తన గొట్టంలో ఎంత మిగులుతుందో ఆమె లెక్క వేయలేదు. సూది తీసుకుని అల్లడం మొదలుపెట్టింది. రెండు పోగులు తప్పాయి. విప్పి మళ్లీ అల్లింది.

సాయంత్రం నీటికోట అభిమానుల సంఘం ప్రెసిడెంటు మేడ మీద గదిలో అందరూ చేరారు. కింద ఆయనది ఫోన్ల కొట్టు. పైన గదినిండా ఫోను తొడుగుల అట్టపెట్టెలు, ఆ పెట్టెల మీదే సంఘం కూర్చుంటుంది. ఆమెను ఇక్కడ సూదక్క అంటారు. మొదటిసారి వచ్చినప్పుడు ప్రెసిడెంటు చిరిగిన చొక్కాజేబు చూసి ఊరుకోలేక కుట్టిచ్చింది, ఆ పేరు అలా ఉండిపోయింది. కళ్ల సంగతి తెలిసినప్పటి నుంచీ ఆమె వచ్చేసరికి దారిలో పెట్టెలు పక్కకి జరిపి ఉంచుతారు. ఎవరు జరుపుతారో ఆమెకు తెలీదు, అడగలేదు.

"వీళ్లకి సిగ్గూ శరం లేదు," అన్నాడు లెక్చరరు. ఆయన కాలేజీలో చరిత్ర చెబుతాడు, కోపమొస్తే కళ్లద్దాలు తీసి తుడుస్తాడు. "మనం అడుక్కునేవాళ్లమా?"

"రెండో భాగంలో రాణి అదే అంటుంది సార్," అన్నాడు ఒక కుర్రవాడు.

"నువ్వు ముందు మొదటి భాగం చదవరా. తర్వాత మాట్లాడు."

అందరూ నవ్వారు. లైబ్రరీలో మొదటి భాగం దొరక్క రెండోదానితో మొదలెట్టాడని అతన్ని రెండోభాగం అనే పిలుస్తారు. ఇప్పటికీ ఆ మొదటిది చదవలేదని అనుమానం.

ప్రెసిడెంటు మాత్రం నవ్వలేదు. ఆమె వైపే చూస్తున్నాడు.

"సూదక్కా, డాక్టరు నీకు ఎంత టైమిచ్చాడు?"

"ఒకటి రెండేళ్లన్నాడు. ఏడాది అయిపోయింది."

"అంటే సినిమా వచ్చేసరికి..." అని ఆగి, అందరి వైపూ తిరిగాడు. "మనం అరిస్తే కంపెనీ వినదు. ఈమె అడిగితే వింటుంది. ఊరంతా వింటుంది."

"వద్దండీ," అంది ఆమె. "జాలిపడతారు."

"పడనీ. ఊరికే వచ్చేది అదొక్కటేగా."

ఫోను నిలబెట్టడానికి పెట్టెలు పేర్చారు. టీ కప్పు ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె చెయ్యి చాపి కప్పు అందుకుంది.

"అలా టక్కున పట్టుకుంటే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు లెక్చరరు.

"ఎదురుగానే ఉంది కదండీ. నాకు కనిపిస్తుంది."

"అయితే పక్కకి జరుపు," అన్నాడు ప్రెసిడెంటు రెండోభాగంతో. కప్పు ఆమె లోకంలోంచి పోయింది. "సూదక్కా, తల తిప్పకు. అలాగే ముందుకి చూస్తూ వెతుకు."

ఆమె వెతికింది. వేళ్లు అట్ట మీద పాకుతూ పోయి కప్పు అంచును గట్టిగా తాకాయి. టీ ఒళ్లో పడింది. వేడికి ఆమె లేచి నిలబడబోయి మళ్లీ కూర్చుంది.

"అబ్బ, ఇది బాగా వచ్చింది," అన్నాడు ప్రెసిడెంటు, ఫోను మీంచి చూపు తిప్పకుండా.

రెండోభాగం జేబురుమాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి, "అన్నా, లైటు మొహం మీద పడట్లేదు. ఇంకోసారి తీస్తే?" అన్నాడు.

ఇంకోసారి తీశారు. ఈసారి చల్లారిన టీ. చివర్లో ఆమె చెప్పాల్సిన మాట ప్రెసిడెంటు చెప్పిచ్చాడు: "నీళ్ల కింద దీపాలు ఒక్కసారి చూస్తే చాలు. ఆ తర్వాత కళ్లు పోయినా నాకు ఫర్వాలేదు." మొదటి వాక్యం ఆమెదే. రెండోది ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కానీ అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఆ గదిలో తనంత ముఖ్యమైన మనిషి లేదనిపించి, అనేసింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ వీడియో తెలియని మనిషి లేడు. షాపుకి వచ్చినవాళ్లు బట్టలు కౌంటరు మీద పెట్టి కిటికీ వైపు తొంగిచూశారు. ఒకావిడ లోపలికే వచ్చి, ఆమె గడ్డం పట్టుకుని, "ఎంత చక్కటి కళ్లు," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పోతూ పోతూ ఓనరుతో గొంతు తగ్గించి అడిగింది.

"నా పట్టుశాలువా ఈమె చేతికే ఇచ్చారా?"

ఆవిడ వెళ్లాక ఓనరు చాలాసేపు చీటీలు అటూ ఇటూ సర్దాడు. తర్వాత వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. పక్కకి కాకుండా సరిగ్గా ఎదురుగా నిలబడటం మాత్రం ఆయన మర్చిపోలేదు.

"నీ పనికి వంక పెట్టను. కానీ చూపు లేనిదానికి బట్టలిస్తున్నామంటే ఎవరొస్తారు చెప్పు? శాలువా పక్క షాపతనికి ఇచ్చేస్తా. కొన్నాళ్లు నువ్వు వెనక గదిలో మడతలు పెట్టు."

"దగ్గరిది నాకు బాగానే కనిపిస్తుందండీ. మీకు తెలుసు."

"నాకు తెలుసు. నువ్వే కదమ్మా ఊరందరికీ ఇంకోలా చూపించావు."

 ఆమె సూదుల డబ్బా మూతపెట్టి వెనక గదిలోకి వెళ్లింది. ఆ గదికి కిటికీ లేదు. మడతలు పెట్టడానికి వెలుతురెందుకని ఎవరూ బల్బు కూడా పెద్దది పెట్టలేదు.

ఆ సాయంత్రమే, సంఘం గదిలో ఉండగా, ప్రెసిడెంటుకు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. సినిమా పూర్తి కాలేదు గానీ, ఎంతవరకు అయిందో అంత, శనివారం తమ ఆఫీసులోని చిన్న హాల్లో ఆమెకు ప్రత్యేకంగా చూపిస్తారు. సంఘం వాళ్లనూ తెచ్చుకోవచ్చు. దీపాల సీను మాత్రం ఎలాగైనా శనివారానికి తయారుచేయిస్తారు. కొత్తగా ఒక డాక్టరు కాగితం తెస్తే చాలు, పేపర్లవాళ్లు అడిగితే చూపించడానికి. ఫోను పెట్టేశాక ప్రెసిడెంటు ఆమె రెండు చేతులూ పట్టుకుని గదిలో గిర్రున తిప్పాడు. లెక్చరరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, ఈసారి కోపంతో కాదు.

కళ్లాసుపత్రికి అక్క తోడొచ్చింది. ఆమె అక్కాబావల దగ్గరే ఉంటుంది. పాత డాక్టరు సెలవులో ఉంటే, ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపారు. కళ్లలో చుక్కలు వేశారు. గడ్డం ఒక పీట మీద ఆనించి, చిన్న చిన్న వెలుగులు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నొక్కుతూనే ఆమెకు తెలిసిపోయింది, నొక్కాల్సినప్పుడు నొక్కకుండా చాలాసార్లు ఊరికే కూర్చుందని. తర్వాత కంటికి సన్నటి తీగ తగిలించి ఇంకేదో పరీక్ష చేశారు. అది పోయినేడు చేయలేదు.

డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ మామూలుగా అడిగింది. "మందులేమైనా వాడుతున్నారా?"

"కళ్లకా?"

"దేనికైనా."

"చిన్నప్పుడు ఫిట్లు వచ్చేవి," అంది అక్క. "మాత్రలు వేస్తాం. ఇప్పుడు రావట్లేదు. ఈ మాత్రలు పడ్డాక అసలు ఒక్కసారి కూడా రాలేదు." ఆ మాట కొంచెం గర్వంగానే అంది. సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చింది.

డాక్టరమ్మ అట్ట వెనక్కి తిప్పి పేరు చదివింది. మళ్లీ చదివింది.

"ఇది వేసుకునేవాళ్లకి మధ్యమధ్య కళ్లు చూపించుకోవాలని ఎవరూ చెప్పలేదా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది కొందరికి పక్కచూపు తినేస్తుంది. మీది వంశంలో వచ్చిన జబ్బు కాదు. ఈ మందు వల్ల. మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి, ఫిట్లొస్తాయి. నరాల డాక్టరుతో నేను మాట్లాడతాను. మెల్లగా తగ్గించి వేరేది మొదలుపెడతారు. పోయిన చూపు రాదు. ఉన్నది ఉంటుంది."

"అంటే, నేను గుడ్డిదాన్ని కానా?"

"కారు." డాక్టరమ్మ అప్పటికే తలుపు వైపు చూస్తోంది. బయట బెంచీల నిండా జనం. "చూపు పోతుందని రాసిమ్మన్నారట. అదెలా రాస్తాను? తర్వాత ఎవరు?"

అయితే దీపాలు?

అది ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన. సంతోషం కంటే ముందు అదే వచ్చింది. వచ్చి కూర్చున్నాక దాన్ని లేపి బయటికి పంపడానికి ఆమెకు చేతకాలేదు. సిగ్గుతో అక్క మొహం చూసింది, అక్కకు అది కనిపించిందేమోనని. అక్కకు ఏదీ కనిపించే స్థితి లేదు. వరండాలో గోడకి ఆనుకుని, మాత్రల అట్టను గుప్పిట్లో నలుపుతోంది.

"నువ్వు మర్చిపోయి పడుకుంటే లేపి మరీ మింగించాను కదే. ఒక్క రోజు తప్పనిచ్చానా? నా చేత్తో నేనే..."

"నీకేం తెలుసక్కా."

"తెలీదు. తెలీకుండానే చేశాను."  బస్సు దిగేటప్పుడు అక్క ఎప్పటిలాగే ముందు దిగి, మెట్టు ఎక్కడుందో చెప్పింది.

బావ విని, కంచంలో చెయ్యి ఆపి, కాసేపు ఆలోచించాడు. "అయితే ఆ వీడియో ఇప్పుడు అబద్ధమన్నమాట. నీమీద కేసేమైనా పెడతారేమో చూసుకో."

సాయంత్రం ఆమె మేడ మెట్లు రెండేసి ఎక్కింది. గదిలో శనివారం ఎవరెక్కడ కూర్చోవాలో మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు చెబితే సంతోషం దానంతటదే వచ్చేస్తుందని, ఆసుపత్రిలో రాకుండా ఆగిపోయింది ఇక్కడ వస్తుందని ఆమె నమ్మింది. నిలబడే చెప్పింది. మాత్రల సంగతి, తీగ పరీక్ష, ఉన్నది ఉంటుందన్న మాట, అన్నీ.

 ఆమె ఒక్కొక్కరి వైపే తల తిప్పి చూడాలి కాబట్టి, ఆ మొహాలు ఆమెకు ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి. ఒకేసారి కనిపించి ఉంటే అంత బాగా తెలిసేది కాదేమో.

"గ్యారంటీగా చెప్పిందా?" అన్నాడు లెక్చరరు చివరికి.

"చెప్పారండీ."

"ఇంకో డాక్టరుకి చూపిస్తే మంచిది. ఇలాంటి వాటిలో తొందరపడి నమ్మకూడదు."

"అక్కా," అన్నాడు రెండోభాగం, "ఆ మాత్రలు శనివారం తర్వాత మార్చుకుంటే కుదరదా?"

"ఛ, నోర్ముయ్," అన్నాడు ప్రెసిడెంటు. కానీ ఆమె జవాబు కోసం అతను కూడా ఆగాడు. "మంచిదే సూదక్కా. చాలా మంచిది. నీకు చూపు ఉంటుందంటే మాకంటే ఎవరికి సంతోషం? కాకపోతే శనివారం దాకా ఎవరికీ చెప్పకు. పోయినేటి కాగితం ఉందిగా, అదిస్తాం. అది అబద్ధం కాదు కదా, నిజం డాక్టరే రాశాడు."

"కొత్తది కావాలన్నారు కదా."

"నేను చూసుకుంటా. నువ్వు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుని నడువు చాలు. ఎన్నేళ్ల నుంచి చూస్తున్నాం దీనికోసం? నీ ఒక్కదాని కోసమా చెప్పు?"

వద్దు అన్న మాట ఆమె నోట్లోనే ఉంది. దాని పక్కనే దీపాలు కూడా ఉన్నాయి. ఆమె పెట్టె మీద కూర్చుంది. ఎవరో టీ తెచ్చి, ఈసారి సరిగ్గా ఎదురుగా పెట్టారు.

శుక్రవారం ఓనరుకు సంగతి చెప్పి, కిటికీ దగ్గరికి తిరిగి రావచ్చా అని అడిగింది. ఆయన పాపం ఆలోచించాడు. "ఒక డాక్టరు పోతుందంటాడు, ఒకావిడ పోదంటుంది. కస్టమరుకి నేను ఏది చెప్పను? జనం ఈ వీడియో మర్చిపోనీ." అప్పటికే కిటికీ దగ్గర బల్ల మీద బట్టల మూటలు పెట్టేశారు.

శనివారం కంపెనీ ఆఫీసులో వాళ్లను మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారు. హాలు చిన్నదే. ప్రచారం చూసుకునే ఒకావిడ కెమెరా పట్టుకుని, తెరవైపు కాకుండా ఆమె కుర్చీ వైపు తిప్పి నిలబెట్టింది.

"దీపాల సీను వచ్చినప్పుడు కళ్లద్దాలు తీసేయండమ్మా. కన్నీళ్లొస్తే తుడుచుకోకండి. రాకపోతే కూడా ఫర్వాలేదు, చుక్కలున్నాయి."

ఆట మొదలవడానికి ఇంకా సమయం పడుతుందన్నారు. ఏదో ఫైలు రావాలట. "ఇక్కడా వాయిదానేనా," అన్నాడు లెక్చరరు, అందరూ కులాసాగా నవ్వారు.  ఆమె మంచినీళ్లు తాగొస్తానని లేచింది. ప్రెసిడెంటు రెండోభాగంతో మాట్లాడుతున్నాడు, చెయ్యి పట్టుకోవడం మర్చిపోయాడు.

వరండా చివర నీళ్ల కుళాయి దగ్గర ఒకతను వంగి మొహం కడుక్కుంటున్నాడు. దోసిలి నిండా నీళ్లు తీసుకుని కళ్లు అందులో ముంచి అలాగే ఉంచుతున్నాడు. తలెత్తి ఆమెను చూసి, తడి చేతుల్తోనే నమస్కారం పెట్టాడు. కళ్లు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి.

"మీరే కదండీ. మా పాప మీ వీడియో చూసి ఒకటే గోల. ఆ పిన్నికి ముందు చూపించు నాన్నా అని." గోడ పక్కనున్న బెంచీ చూపించాడు. "కూర్చోండి. ఫైలు ఇప్పుడే పంపాను. దీపాలు పెట్టేది నేనేలెండి, కంప్యూటర్లో."

"మీ కళ్లకేమైంది?"

"ఏం లేదండీ. ఈ వారం ఇంటికి పోలేదు. స్క్రీనులో చూసీ చూసీ..." అని నవ్వాడు. "మీ ముందు కళ్లనొప్పులంటే బాగుండదు."

ఆమె బెంచీ మీద కూర్చుని, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. అతను జేబులోంచి చుక్కలమందు తీసి, తల వెనక్కి వంచి, వేసుకోబోతే గురి తప్పి చుక్క చెంప మీద పడింది. మళ్లీ ప్రయత్నించాడు. ఆమెకు ఇక కూర్చోబుద్ధి కాలేదు, లేవబుద్ధీ కాలేదు.

"నా చూపు పోదండీ," అంది.

అతను సీసా పట్టుకుని ఆగాడు. "ఏంటండీ?"

"నా చూపు పోదు. మొన్ననే తెలిసింది. ఏదో మాత్ర వల్లట, మారుస్తున్నారు. పక్కలు పోయినవి పోయినట్టే, ఉన్నది ఉంటుంది. మీకు ముందే చెప్పాల్సింది. చెప్తే ఇది చూపించరని చెప్పలేదు. మీరు ఊరికే కళ్లు పాడు చేసుకున్నారు నాకోసం."

ఇలా చెప్పాక ఎదుటి మొహం ఎలా మారుతుందో ఈ వారంలో ఆమెకు అలవాటైంది. అందుకే అతని మొహం చూడకుండా ఒళ్లోని కళ్లద్దాలు చూస్తూ కూర్చుంది.

"పోదా?" అన్నాడతను.

"పోదు."

"అబ్బ." అతను బెంచీ మీద కూలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని నవ్వాడు. చాలా అలసిపోయిన నవ్వు, ఎక్కడో మధ్యలో దగ్గు అయింది. "ఎంత మంచి మాట. దాన్ని పట్టుకుని ఇంత ఏడుపు మొహంతో చెప్తారేంటండీ?"

ఆమె తలెత్తి చూసింది. అతను నిజంగానే నవ్వుతున్నాడు. ఆసుపత్రి నుంచి దాచుకుని, దాచుకుని, ఎక్కడ దించాలో తెలియక మోస్తూ తిరిగినదంతా ఆమెలోంచి ఒక్కసారిగా జారింది. ఏడ్చింది. అతను కంగారుపడలేదు. పక్కనే కూర్చుని, తన చుక్కలు తను వేసుకున్నాడు.

కాసేపటికి అతనే ఉలిక్కిపడ్డట్టు తిరిగాడు.

"అయితే మీరు లోపలికి పోకండి."

"ఎందుకని?"

అతను చెప్పడానికి మొహమాటపడ్డాడు. "మా బాసు కూడా వీడియో చూశాడు. ఆమెకి పక్కలు కనపడవు కదా, తెర మధ్యలో ఒక్క వీధి వెలిగించు చాలు, అంచులు వదిలెయ్ అన్నాడు. టైము లేదు కదండీ. మధ్యలో గుండ్రంగా వెలిగించాను. చుట్టూ అంతా నల్లగానే ఉంది. దీపం ఒక్కటి లేదు."

ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"తల తిప్పితే కనపడుతుంది కదండీ," అంది.

అతను ఆమె వైపు చూశాడు.  "మేమెవరమూ ఆ మాట అనుకోనేలేదు," అన్నాడు చివరికి.

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపు పూర్తిగా ఆగకముందే వచ్చేసరికి ముక్కులోంచి వింత శబ్దం వచ్చింది, దానికి ఇద్దరూ నవ్వారు.

"మిగతావి ఎప్పటికవుతాయి?"

"ఏమోనండీ. వాళ్లు చెప్పిన తేదీకి మాత్రం కావు. ఒక్కో ఇంటికీ ఒక్కో రకం దీపం పెట్టాలని నా ఆశ. పేదవాళ్ల ఇంట్లో ఒత్తి చిన్నగా ఉండాలి కదా. నీళ్లు కదిలితే అది వంకర పోవాలి..." చెబుతూ చెబుతూ గోడకి తల ఆనించాడు. "అంచులదాకా పెడతానండీ. కొంచెం ఆగండి, మీరు..." మాట మధ్యలోనే అతనికి నిద్ర పట్టేసింది. నోరు తెరుచుకునే ఉంది. చేతిలో చుక్కల సీసా ఒరిగిపోతుంటే ఆమె మెల్లగా తీసి మూత పెట్టి అతని జేబులో వేసింది.

హాల్లో ఆట మొదలైంది. గుర్రాల డెక్కలు, గంటలు, ఎవరో స్త్రీ గట్టిగా ఆజ్ఞ ఇవ్వడం, అన్నీ తలుపు సందులోంచి వినిపిస్తున్నాయి. ఆమెను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. చాలాసేపటికి నీళ్ల హోరు పెరుగుతుండగా తలుపు తెరుచుకుని ప్రెసిడెంటు తల బయటపెట్టాడు.

"ఎక్కడ చచ్చావ్? తూములెత్తేశారు, దీపాలు వచ్చేస్తున్నాయి. ఆ కెమెరా ఆవిడ నీ ఖాళీ కుర్చీ చూసి నన్ను చంపుతోంది. రా."

ఆమె పక్కన నిద్రపోతున్న మనిషిని చూపించి పెదాల మీద వేలు పెట్టింది.

"మీరు చూడండి," అంది మెల్లగా. "నేను తర్వాత చూస్తా."

"తర్వాతేంటి?"

"అయ్యాక. అందరితో పాటు."

ప్రెసిడెంటు నిలబడి చూశాడు.  లోపల రాణి గొంతు ఆగిపోయింది, ఒక్క నీళ్ల చప్పుడే మిగిలింది. అతను ఇన్నేళ్లుగా చూడాలనుకున్నది ఆ తలుపు వెనకే ఉంది. "నీ ఖర్మ," అని తిరిగి లోపలికి పరుగెత్తాడు. తలుపు సగం తెరిచే వదిలేశాడు.

ఈ సాయంత్రానికల్లా ఫోను మళ్లీ వణకడం మొదలుపెడుతుందని, అందులో తన పేరే ఉంటుందని, ఈసారి ఎవరూ జాలిపడరని ఆమెకు తెలుసు. బెంచీ మీద అలాగే కూర్చుంది. హాల్లో నీళ్ల హోరు పెరిగి, ఒక ఎత్తుకు వెళ్లి, చల్లబడింది. ఎవరూ అబ్బా అనలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దంలోంచి రెండోభాగం గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఇంతేనా?"

పక్కన అతను నిద్రలో కదిలాడు. ఆమె లేచి, గోడ పట్టుకుని తలుపు దాకా నడిచి, చప్పుడు కాకుండా దాన్ని దగ్గరికి వేసింది.